పచ్చచుక్క చెప్పిన కబురు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు మధ్యాహ్నం బస్సులో పోయేవాళ్లు ఎవరూ పూర్తిగా మెలకువగా ఉండరు. శిరివెళ్ల దాటేసరికి కండక్టరు గొంతు కూడా నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఎడమ కిటికీలో నల్లమల మనతోపాటే నడుస్తూ ఉంటుంది. ఎంత దూరం పోయినా అది వెనకబడదు. వారానికి ఒకరోజు, డబ్బా తెచ్చే కుర్రాడికి సెలవైనప్పుడు, నేను ఆ బస్సులో, ఒళ్లో ఖాళీ ఐసు డబ్బా పెట్టుకుని పోతాను. సాయంత్రం అదే డబ్బాలో ఆళ్లగడ్డ వాళ్ల రక్తం పెట్టుకుని తిరిగొస్తాను. ఇరవై ముప్పై సన్నటి గొట్టాలు, ఒక్కోదాని మీద ఒక పేరు, ఒక వయసు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తాయి. సగం నిద్రలో అది నాకు మాటల్లా వినపడేది. ఏం చెబుతున్నాయో తెలియదు గాని, ఎవరికో ఏదో చెప్పాలని వాటికి తొందరగా ఉన్నట్టుండేది.

నంద్యాలలో ఒక పరీక్షల ల్యాబులో నేను ఆఫీసు పని చూస్తాను. బీఎస్సీ లెక్కలు చదివాను. ల్యాబు పెట్టిన నాటి నుంచి ఉన్నాను కాబట్టి డాక్టరుగారితో సహా ఎవరితోనైనా వాదించే హక్కు నాకుందని నా నమ్మకం. నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు, విసుగెత్తి లేచి వెళ్లినవాళ్లు ఉన్నారు. రెండింటికీ తేడా ఉందని మా ఆయన అంటాడు. ఆయన కూడా లేచి వెళ్లినవాళ్ల జాబితాలోని మనిషే.

ఆళ్లగడ్డలో మాకు ఒక చిన్న గది ఉంది, అక్కడివాళ్ల రక్తం తీసి మాకు పంపడానికి. దాన్ని చూసుకునే ఆయన అంతకుముందు అదే గదిలో గడియారాలు బాగుచేసేవాడు. గడియారాలు చెడిపోయినా జనం బాగుచేయించుకోవడం మానేశాక, రక్తం తీసే పని చదువుకుని ఇందులోకి వచ్చాడు. గడియారం లోపలి మరలు తిప్పిన వేళ్లు కదా, నరం దొరకని ముసలమ్మలకు కూడా ఒక్క పోటుతో సరిపెడతాడు. నేను ఆయనను భాయ్ అంటాను. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైనా ఆయన నన్ను అక్కా అంటాడు. ఎవరూ వచ్చి తీసుకుపోని గడియారాలు ఐదారు ఆ గోడకు ఇంకా ఉన్నాయి. తాళం మాత్రం రోజూ ఇస్తాడు. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంది. ఆ గదిలో కాసేపు కూర్చుంటే ఏది ఇప్పుడో, ఏది ఇందాకో తెలియదు.

ఆయనతో నా తగాదా అంతా ఫోనులోనే.

"అక్కా, దొర్నిపాడు పెద్దాయప్ప రిపోర్టు వచ్చిందా?"

"రాలే."

అరగంటకు మళ్లీ. "వచ్చిందా అక్కా?"

"వస్తే నేనే చెప్తా గదా భాయ్. ఊరికే ఎందుకు అడుగుతాండావ్?"

"నువ్వు చెప్పకపోతేనో? ఆయప్ప ఈడ బెంచీ మీద కూసోని నా మొగమే చూస్తాండాడు."

"నీ మొగంలో ఏముందని చూస్తాండాడు? ఇంటికి పోయి పండుకోమను."

ఇలా రోజుకు ముప్పైసార్లు. ఆళ్లగడ్డ ఒక్కటే కాదు, బనగానపల్లె నుంచి ఒకరు, నంద్యాల ఆసుపత్రుల నుంచి నలుగురు, అందరిదీ అదే ప్రశ్న. వచ్చిందా, వచ్చిందా. ఒకరోజు డాక్టరుగారు గదిలోంచి బయటికి వచ్చి, "ఏందమ్మా ఈ గోల, ఇది ల్యాబా బస్టాండా" అన్నారు. బస్టాండులో అయితే బస్సు రాగానే మైకులో చెబుతారు సార్, మనకు ఆ మైకు కూడా లేదు అన్నాను. ఆయన అలవాటు ప్రకారం లోపలికి వెళ్లిపోయారు. కాని ఆ మాట నన్ను వదల్లేదు.

మా ల్యాబు సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ హైదరాబాదులో ఉంది. అక్కడి మనిషికి ఫోన్ చేసి అడిగాను. రిపోర్టు పూర్తయిన ప్రతిసారీ తమ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌కు ఒక ఈవెంట్ పంపగలదనీ, అక్కడి నుంచి అది ఎవరికి పోవాలో రూల్స్ పెట్టుకోవాలనీ చెప్పాడు. "మీకెందుకు మేడం, మేం చేసిపెడతాం" అన్నాడు.

"నేనెందుకు చేసుకోకూడదో ముందు చెప్పు."

"కొంచెం కష్టం మేడం."

"ఎవరికి కష్టం? నాకా, నాకు నేర్పించే నీకా?"

మర్నాటికి లాగిన్ పంపించాడు.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అదే పని. ఆ వేళలో ల్యాబుకు ఎవరూ రారు. నంద్యాల మొత్తం తలుపులు దగ్గరికి వేసుకుని పడుకుంటుంది. నమూనాలు దాచే ఫ్రిజ్ ఒక్కటే మూలుగుతూ ఉంటుంది. వీడియోలో ఎవరో నెమ్మదిగా చెబుతుంటే వింటూ, ఆపుతూ, మళ్లీ వెనక్కి తిప్పుతూ, మధ్యలో ఒక కునుకు తీసి, లేచి ఎక్కడ వదిలానో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. కునుకులో విన్నదేది, మెలకువలో విన్నదేది అని ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

నాకు అర్థమైనది ఇది. ఈవెంట్ అంటే జరిగిపోయిన ఒక సంగతి. 'ఈ పని చెయ్యి' అనే ఆజ్ఞ కాదు, 'ఇది జరిగింది' అనే కబురు. జరిగిన చోట ఆ మాట అనేసి ఊరుకుంటారు. ఎవరు విన్నారో, విని ఏం చేశారో చెప్పినవాళ్లకు అక్కర్లేదు. కబుర్లన్నీ ఒకే దారిలో పోతుంటాయి. దారి పక్కన రూల్స్ కాపు కాస్తుంటాయి. పోయే ప్రతి కబురునూ చూసి, తాము వెతుకుతున్నది అయితే ఎత్తి ఇవ్వాల్సిన చోట ఇస్తాయి. కాకపోతే పోనిస్తాయి. చెప్పేవాడికి వినేవాడు తెలియదు, వినేవాడికి చెప్పేవాడు తెలియదు, అయినా పని జరిగిపోతుంది.

చెప్పిన మాట ఎదుటివాళ్ల తలకెక్కిందాకా వెంటబడి చెప్పే స్వభావం నాది. అనేసి వెనక్కి తిరిగి చూడకుండా పోవడమేమిటని మొదట కోపం వచ్చింది. తర్వాత తర్వాత అందులో ఒక మత్తు కనిపించింది. ఎవరితోనూ తగాదా పడకుండా కబురు దానంతట అది నడిచిపోవడం.

మొదటి ఈవెంట్ చేత్తో టైపు చేసి పంపాను. 'నమూనా అందింది. ఊరు ఆళ్లగడ్డ.' తీసుకున్నాను అని క్లౌడ్ జవాబిచ్చింది. తర్వాత ఏమీ లేదు. గంటసేపు తెర చూస్తూ కూర్చున్నాను. తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. హైదరాబాదు మనిషి చెప్పాడు, రూల్ పెట్టకముందే పంపితే వినేవాళ్లు లేక అది అలాగే పోతుంది మేడం, ఎర్రర్ రాదు అని. ఆ వారం ఆళ్లగడ్డ బస్సులో కూడా అదే తలపు. ఆళ్లగడ్డ నుంచి రాని నమూనా ఒకటి వచ్చిందని నేను చెప్పిన మాట, ఎవరూ వినని మాట, ఎక్కడికి పోయి ఉంటుంది? కిటికీ బయట చాలా దూరంలో ఒక మనిషి గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతూ ఎవరినో పిలుస్తున్నాడు. బస్సు చప్పుడులో ఆ పిలుపు వినపడలేదు.

నెలకు పని కుదిరింది. ఆళ్లగడ్డ రిపోర్టు సిద్ధమైతే భాయ్ ముందున్న తెర మీద కనిపించేట్టు ఒక రూల్. ఎవరి పరీక్షైనా సరే, రాసుకున్న నంబరుకు 'మీ రిపోర్టు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకోండి' అని మెసేజ్ పోయేట్టు ఇంకో రూల్. మెసేజ్ చేరితే మా ఇద్దరి తెరల మీదా పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. చేరనివి ఒక పక్కన పోగవుతాయి, నేను చూసుకుంటాను. నడిచిపోయిన కబుర్లను కొన్నాళ్లు దాచిపెట్టి, కావాలంటే మళ్లీ నడిపించుకునే వసతి కూడా ఉంది. జరిగిపోయినదాన్ని మళ్లీ నడిపించడం ఎందుకో నాకు తోచలేదు. ఉంటే ఉండనీ అని పెట్టాను.

ఫోన్లు ఆగిపోయాయి. పొద్దున పది గంటలకు కూడా ఫ్రిజ్ మూలుగు వినపడేంత నిశ్శబ్దం. పచ్చచుక్కలు ఒకటి తర్వాత ఒకటి వెలుగుతుంటే వరికయ్యలో మొలకలు చూస్తున్నట్టుండేది. "అక్కా, నీతో కొట్లాడక నాకు పొద్దు పోతాండ్లే" అన్నాడు భాయ్ ఒకరోజు. నాకూ పోవడం లేదు గాని చెప్పలేదు.

ఆ రోజుల్లోనే నేనూ థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. సాయంత్రం ఇంటికి పోయేసరికి మా ఆయన కాఫీ ఇచ్చి, "నీ రిపోర్టు ఏమొచ్చింది?" అని అడిగాడు. పరీక్ష సంగతి నేను ఆయనకు చెప్పనేలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి నన్ను గమనించాడనుకుని లోలోపల మురిసిపోయాను.

తర్వాత వారం, పొద్దున పదకొండు గంటలప్పుడు, కౌంటరు ముందుకు ఒకామె వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతి సంచిలోంచి దర్జీ టేపు కొస వేలాడుతోంది. గుర్తుపట్టాను. ఆళ్లగడ్డలో జాకెట్లు కుడుతుంది. రొమ్ములో గడ్డ తగిలితే రెండు వారాల ముందు భర్తతో వచ్చింది. డాక్టరుగారు సూదితో కొంచెం తీసి హైదరాబాదుకు పంపించారు.

"రిపోర్టు ఇయ్యక్కా" అంది.

"వచ్చి ఐదు దినాలాయె గదమ్మా. మెసేజ్ పోయిందే."

"యాడికి పోయింది?"

"నీ ఫోనుకే. చేరింది, చూడు." తెర ఆమె వైపు తిప్పి పచ్చచుక్క చూపించాను.

"నాకైతే చేరలే."

"చేరిందమ్మే. ఇది అబద్ధం చెప్పదు."

ఆమె చుక్క వైపు చూడలేదు, నా వైపు చూసింది. "అది చెప్పదు. నేను చెప్తానా అయితే?"

తెర మళ్లీ నా వైపు తిప్పుకున్నాను. వాదన మధ్యలో వెనక్కి తగ్గడం నాకు అలవాటు లేని సంగతి.

"చెడ్డదే గదక్కా," అంది ఆమె నెమ్మదిగా. "తెలుసు లే. మా అమ్మకు గూడ పోయేదాకా ఎవురూ చెప్పలే. నా చేతికియ్యి, నేను ఏడ్సను."

మా వైపు ఇళ్లలో ఒక పద్ధతుంది. మంచి కబురైతే వాకిట్లో నిలబడి వీధికంతా చెబుతారు. చెడ్డదైతే ముందు మగవాళ్లకు చేరుతుంది, తర్వాత ఇల్లంతా గొంతు తగ్గించుకుంటుంది, అందరికంటే చివర తెలిసేది ఎవరి ఒంట్లో జబ్బుందో వాళ్లకు. ఒకే వాకిలి ఇంట్లో ఉండే మరిది ఐదు రోజులుగా ఆమె ముఖం చూడటం లేదట. అన్నం అరుగు మీదికి తెప్పించుకుని తిని పోతున్నాడట. అంతకంటే ఏం చెప్పాలి ఆమెకు? మూడు రోజుల పాటు ఇల్లిల్లూ తిరిగి, కుట్టమని ఇచ్చిన గుడ్డలన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేసింది.

"రేపు నేను ఆసుపత్రిలో పడితే వాళ్ల గుడ్డలు ఎవురు ఎతికిస్తారక్కా? పెండ్లి జాకెట్లు రెండుంటే అవి మాత్రం కుట్టి ఇచ్చినా. పెండ్లి ఆగదు గదా."

రిపోర్టు నా కంటి ముందే ఉంది. నేను చదవగలను, కాని చెప్పే హక్కు నాది కాదు. లేచి ఆమె చెయ్యి పట్టుకుని వరసలో ఉన్నవాళ్లందరినీ దాటించి డాక్టరుగారి గదిలోకి తీసుకుపోయాను. వెనక ఎవరో గొణిగారు. సాయంత్రం రా, నీతో తీరిగ్గా కొట్లాడతా అని చెప్పి తలుపు వేశాను.

డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివారు. "మామూలు గడ్డమ్మా. ప్రమాదం ఏమీ లేదు. ఆరు నెలలకొకసారి చూపించుకో, చాలు."

ఆమె కదల్లేదు. "నాకు చెప్పద్దని మా వాళ్లేమన్నా చెప్పినారా సార్?"

"ఎవరూ చెప్పలేదు."

నమ్మలేదు. బయటికి వచ్చాక కాగితం నా చేతికిచ్చి చదవమంది. ఒక్కో వరసా చదివి తెలుగులో చెప్పాను. చివరి వరస రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత బెంచీ మీద కూర్చుని సంచిలోంచి వేలాడుతున్న టేపును వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. ఐదు రోజుల నుంచి ఎక్కడో ఉన్న మనిషి ఒక్కో అడుగే వేసుకుంటూ తిరిగొస్తున్నట్టుంది. నీళ్లు తెచ్చిచ్చాను.

పచ్చచుక్క వెనకున్న నంబరుకు ఫోన్ చేశాను. "హలో, పురుగుమందుల అంగడి" అన్నాడు ఒకతను. మరిది. భర్త కొలిమిగుండ్ల నుంచి నాపరాళ్లు తోలే లారీ నడుపుతాడు, ఫోను సరిగ్గా అందదని వచ్చిన రోజు తమ్ముడి నంబరు రాయించాడు.

"మెసేజ్ వచ్చింది మేడం, చూసినా," అన్నాడు. "అది ఆడోళ్ల సంగతి గదా. ఏం పరీక్షో మా అన్న చెప్పినాడు. వదినెతో ఆ మాట నేనెట్ల ఎత్తేది? అన్న సేలం కాడ ఉండాడు, వచ్చినాక చెప్తాడులే అనుకున్యా."

"ఐదు దినాలు ఆమె మొగం కూడా చూడలేదంట గదా నువ్వు?"

"చూస్తే ఆ సంగతే గుర్తొస్తాంది మేడం. సిగ్గయితాంది."

తిట్టడానికి ఎత్తుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. గడ్డ మంచిదే, పోయి అన్నం లోపల కూర్చుని తినమని చెప్పి పెట్టేశాను.

భాయ్‌కి చేశాను. ఆయనకు వెంటనే అర్థమైంది. "ముందైతే నేనే పోయేటోన్ని అక్కా. ఆయమ్మ మిషను కాడికి పోయి, మా ఇంట్లో వాళ్ల జాకెట్టు అడిగినట్ల అడిగి, చెవిలో ఏసి వచ్చేటోన్ని. ఆ ఇంట్లో నంబరు ఎవురిదో నాకు తెలుసు. నీ పచ్చచుక్క చూసి, చేరిందిలే అని ఊరుకున్యా."

చుక్క అబద్ధం చెప్పలేదు. కబురు చేరింది, రాసిన చోటికే చేరింది. ఆ చోటు తప్పు. రాయించుకునే కాగితం తయారుచేసింది నేను. అందులో 'ఇంటి ఫోన్ నంబరు' అని ఉంది, నా చేతులతో టైపు చేసిన మాట. ఇంటి నంబరు అంటే ఆళ్లగడ్డలోనైనా నంద్యాలలోనైనా ఇంటి మగవాడి నంబరే. పాత కాగితాలు తిరగేశాను. తల్లి, కోడలు, పెళ్లికాని కూతురు, ముగ్గురికీ ఒకే నంబరు. వరసగా అవే. ఆ వరసలో నా పేరు కూడా వచ్చింది. పక్కన మా ఆయన నంబరు. నా చేతిరాతే. థైరాయిడ్ సంగతి ఆయనకెలా తెలిసిందో అప్పుడు తెలిసింది. మురిసిపోయిన ఆ సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు.

ముందు ఆమె పేరు తెరిచాను. "నీ నంబరు చెప్పమ్మా."

"నాదా?" నవ్వింది, వచ్చినప్పటి నుంచి మొదటిసారి. "నా నంబరు నాకే తెలీదక్కా. ఎవురన్నా అడిగితే గదా."

ఫోను మాత్రం ఉంది. సంచి అడుగున, ఒక ఎర్ర జాకెట్టు ముక్కలో చుట్టి ఉంది. అందులో రోజంతా జాకెట్ల మెడలు, చేతుల డిజైన్లు చూస్తుందట. దానితో నాకు రింగు ఇప్పించాను. నంబరు తెలిసింది. ఆమె పేరు పక్కన మరిది నంబరు తీసేసి అది రాశాను. కాగితంలో మాట కూడా మార్చాను. 'పరీక్ష ఎవరిదో వాళ్ల చేతిలో ఉండే ఫోను.'

"ఇప్పుడు పంపక్కా" అంది ఆమె.

"ఇంకేం పంపేది? కాగితం నీ చేతిలోనే ఉండాది గదా."

"అయినా పంపు. ఆ పొద్దు నాకు రావల్సింది గదా. నాకే రాలే."

అప్పుడు గుర్తొచ్చింది, నడిచిపోయిన కబుర్లు దాచిపెట్టిన సంగతి. ఎందుకో తెలియకుండా పెట్టినది. ఐదు రోజుల ముందు ఏ నిమిషంలో ఆ రిపోర్టు పూర్తయిందో వెతికి, ఆ ఒక్క నిమిషం మాత్రం ఎంచుకున్నాను. ఆ నిమిషంలో ఆమెది తప్ప వేరే కబురు లేదు. ఈవెంట్‌లో ఫోన్ నంబరు ఉండదు, మనిషికి ల్యాబు ఇచ్చిన గుర్తు మాత్రమే ఉంటుంది. మెసేజ్ పంపే రూలే ఆ గుర్తును బట్టి చివరన రికార్డులో నంబరు చూసి తీసుకుంటుంది. మళ్లీ నడిపించు అని నొక్కాను.

ఇద్దరమూ ఎదురుచూశాం. ఫ్రిజ్ మూలుగుతోంది. ఐదు రోజుల ముందటి ఆ పొద్దు లేచి, తాను పోయిన దారినే మళ్లీ నడుచుకుంటూ వస్తున్నట్టు అనిపించింది. ఈసారి పురుగుమందుల అంగడి దగ్గర ఆగకుండా. భాయ్ గదిలో వెనకబడిన గడియారమొకటి ఎక్కడో ఇప్పుడే గంట కొట్టి ఉంటుంది.

ఎర్ర గుడ్డలో ఫోను మోగింది. ఆమె విప్పి, వేలు కింద పెట్టుకుని, బడిలో చదివినట్టు పైకే చదివింది. "మీ రిపోర్టు. సిద్ధంగా. ఉంది."

"వచ్చిందక్కా" అంది.

ఇన్నేళ్లు 'వచ్చిందా' అనే మాటే విన్నాను. తెర మీద పాత చుక్క పక్కన కొత్త చుక్క వెలిగే ఉంటుంది. చూడలేదు.

ఆమె ఫోను మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో వేసింది. టేపు మడిచి దాని మీద పెట్టింది. "బేగా పోవల్లక్కా, బస్సుంది. ఇచ్చేసిన గుడ్డలన్నీ మళ్లా ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవల్ల. ఏం చెప్పి అడిగేదో ఏమో."

"జరిగింది జరిగినట్లు చెప్పు" అన్నాను.

"ఎవురింటారక్కా అదంతా" అని ఎండలోకి దిగిపోయింది.